ఉయ్యాల ముడి

పాప కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ రత్నానికి ఏ భయమూ ఉండేది కాదు. కళ్ళు మూసుకున్నప్పుడే గొడవంతా.

మెలకువగా ఉంటే ఆ తొమ్మిది నెలల పిల్ల తల్లిని చూసి నవ్వుతుంది, చేతులు చాపుతుంది, ముక్కుపుడక పట్టుకుని లాగుతుంది. మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చి రెప్పలు వాలగానే మాత్రం తల్లి భుజానికి ముక్కు ఆనించి ఒకసారి వాసన చూస్తుంది. ఆ వెంటనే ఎవరో దారినపోయే మనిషి ఎత్తుకున్నట్టు ఉలిక్కిపడి, ఊపిరందనంతగా ఏడుస్తుంది. తండ్రి ఎల్లాజీ వేట నుంచి వచ్చి, చేపపొలుసులు ఒంటికి అంటుకుని ఉండగానే ఎత్తుకుంటే నిమిషంలో పడుకుంటుంది. నాయనమ్మ గురమ్మ దగ్గరా పడుకుంటుంది. గురమ్మ రోజుకు నాలుగు చుట్టలు, నిప్పు నోట్లోకి పెట్టుకుని, అడ్డపొగ వేస్తుంది. ఆ వాసనను దేవుడు దిగివచ్చినా పోగొట్టలేడు.

రత్నం ఒకరోజు ఎల్లాజీ విప్పేసిన చొక్కా తొడుక్కుని పాపను ఎత్తుకుంది. పాప హాయిగా పడుకుంది. రత్నం మాత్రం కదలకుండా కూర్చుని ఏడ్చింది. పడుకున్నది తన ఒళ్ళోనే కానీ, వాళ్ళ నాన్న ఒళ్ళో అనుకుని.

ఆరో నెలలో పాలు తాగడం మానేసింది. కొందరు పిల్లలు తొందరగా మానేస్తారమ్మా అన్నాడు డాక్టరు. రత్నం నమ్మలేదు. తల్లికి సంబంధించి పాప నమ్మేది ఇంకొక్కటే మిగిలింది, ఉయ్యాల. వాళ్ళ ఊరు గవ్వలపేటలో ఒక ఆనవాయితీ ఉంది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ తల్లి కట్టి నలిపిన పాత నేతచీరనే దూలానికి ఉయ్యాలగా కడతారు. లోపలి పొత్తిగుడ్డలు మారుస్తారే తప్ప, పిల్లకు నడక వచ్చేదాకా ఆ చీరను ఉతకరు, ముడి విప్పరు. ఆ ఉయ్యాలలో వేస్తే పాప చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకుని రెండు గంటలు పడుకునేది.

రెండు రోజులుగా ఉయ్యాలలో కూడా ఏడుస్తోంది.

ఆ సంగతే ఆలోచిస్తూ రత్నం ఒడ్డున ఉన్న ప్రయోగశాలలో కూర్చుని, గైడుగా తను నడపబోయే శనివారం యాత్ర కాగితం చదువుతోంది. శనివారానికి ఇంకా పదకొండు రోజులు. ఎదురుగా డాక్టర్ హైమావతి. సముద్రంలో ఉన్న ఏనుగుబండ చేపల సంరక్షణ ప్రాంతానికి పెద్ద ఆవిడే.

"హైదరాబాదు నుంచి పన్నెండుమంది మేడమ్. పడవకి ఆరుగురు. ఏడున్నరకి ఒడ్డు మీద కడుగు. ఎనిమిదింటికి నీళ్ళు తేటగుంటాయి. మొదటి ఆరుగురూ నలభై నిమిషాలు, వాళ్ళు పైకొచ్చాక మిగతా ఆరుగురూ. తొమ్మిదిన్నర దాటితే గాలి లేస్తాది, ఈలోపే అందర్నీ పైకి తీసేయాలి. ఈత రానివాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి తేలే జాకెట్లు. మాస్కులు ఇంకో మూడు కావాలి, పాతవాటి రబ్బరు పట్టడం లేదు. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం."

"నీళ్ళలో వాళ్ళతో ఎవరు?"

"దానయ్య బావ. నేను పడవ మీద ఉంటాను కదా."

హైమావతి తల ఊపి, మేజా మీది వాసన కొలిచే పెట్టెను ముందుకు జరిపింది. రత్నం అలవాటుగా దాని గొట్టం ముందు మణికట్టు పెట్టింది. పెట్టె కొంచెంసేపు గాలి పీల్చింది. మామూలు మనిషికి వంద దాకా చూపించే ఆ పెట్టె రత్నానికి మూడు చూపించింది. నెల కిందటా మూడే.

"నెల రోజులుగా కడుగు ముట్టుకోలేదు మేడమ్. ఒట్టు."

"నాకు తెలుసు," అంది హైమావతి. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. కడుగు తయారుచేసింది ఆవిడే.

ఏనుగుబండ చుట్టూ ఒకప్పుడు నాటుబాంబులు వేసి చేపలు పట్టేవాళ్ళు. అది మానిపించి, చుట్టూ తాడు కట్టి పన్నెండేళ్ళయింది. చేపలు తిరిగొచ్చాయి కానీ మనిషిని మర్చిపోలేదు. నీళ్ళలో మనిషి వాసన తగిలితే చాలు, బండకు అంటించిన గుడ్లను కాపలా కాసే మగచేప గూడు వదిలి పారిపోతుంది. అది వెనక్కొచ్చేలోగా గుడ్లు ఎవరికో ఆహారం. అందుకని హైమావతి ఒక ద్రవం తయారుచేసింది. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉంటుంది కనుక ఊరు దానికి కడుగు అని పేరు పెట్టింది. తొట్టిలో పోసుకుని తలతో సహా ఒకసారి మునిగితే మనిషికి మనిషి వాసన ఉండదు. చేప పక్కదాకా వెళ్ళి చూసినా అది ఆ మనిషిని రాయి అనుకుంటుంది. సందర్శకులు జీవితంలో ఒక్కసారి మునుగుతారు. గైడ్లు గూళ్ళ లెక్కకని వారానికి మూడుసార్లు.

"ఇది సబ్బు కాదు రత్నం. ప్రాణమున్న సూక్ష్మజీవులు. మన చెమటను వాసనగా మార్చే సొంత జీవులు చర్మం మీద ఉంటాయి చూడు, వాటిని ఇవి గెంటేస్తాయి. రెండు రోజుల్లో వాటంతట అవే చచ్చిపోవాలి. అలాగే చేశాననుకున్నాను. నీ ఒంటిమీద ఇల్లు కట్టుకున్నాయి."

"మరి నా సొంతవి?"

"విత్తనానికి కూడా మిగల్లేదేమో."

రత్నం మణికట్టు వెనక్కి తీసుకుంది. "అంటే ఇంట్లో తోడుకి చుక్క పెరుగైనా లేకపోతే పాలు అలా ఉండిపోతాయి, అదా?"

హైమావతి ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. "సరిగ్గా అదే. తోడు దొరికితే నేను పెంచి ఇస్తాను. నువ్వు ఈ ఉద్యోగంలో చేరకముందు కట్టుకుని, ఆ తర్వాత ఉతకని బట్ట ఏమైనా ఉందా?"

"ఉతకని బట్ట ఎవరింట్లో ఉంటుంది మేడమ్?" అంది రత్నం. అన్నాక లేచి నిలబడింది. కాగితం కింద పడినా చూసుకోకుండా ఇంటి దారి పట్టింది.

*

గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇంట్లో ఏ వాసనా లేదు. వల మూల ఉంది, ఎండుచేపల బుట్ట చూరు కింద ఉంది, పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. దగ్గరికెళితే పులుసు వాసన వస్తోంది. కానీ గోడలకి, దుప్పట్లకి, చాపలకి, ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటికి పట్టిన వాసన ఏదీ లేదు. ఎవరూ కాపురం చెయ్యని కొత్తింట్లోకి వచ్చినట్టుంది.

ఉయ్యాల చీర తెల్లగా మెరుస్తోంది.

"అత్తా, ఉయ్యాల ఉతికినావా?"

గురమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే, "రెండ్రోజులయినాది. ఇప్పుడా సూసినావు! బాగుందా?" అంది మురిపెంగా.

"ఏటెట్టి ఉతికినావు?"

"నీ కడుగుతోటే. ఉప్పుజాడీ ఎనకాల సీసా ఉంది కదేటి. నీ బట్టలకీ అదే, దుప్పట్లకీ అదే, నెలరోజులయి. ఊరంతా అదే వోడతన్నారు. ఎంత బాగా పోతాదో వాసన!"

రత్నం తన చీర కొంగు ఎత్తి చూసుకుంది. నెల రోజులుగా తను తొట్టి దగ్గరికి వెళ్ళడం మానేసి, రోజూ అదే తొట్టిలో ఉతికినట్టున్న చీర కట్టుకుని, అదే దుప్పటి కప్పుకుని పడుకుంది.

"ఎందుకు సేసినావత్తా? నడకొచ్చేదాకా ఉతకకూడదని నువ్వే అన్నావు. అది నువ్వు సెప్పిన ఆనవాయితీయే కదా!"

"అన్నాను. ఇప్పుడు నువ్వు పన్నెండుమంది పట్నపోళ్ళని తెస్తన్నావు కదా." గురమ్మ గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది. "ముప్పై ఏళ్ళు సేపల గంపెత్తుకుని బస్సెక్కినానే నాను. ఒక్కనాడు, ఒక్కనాడైనా నా పక్కన ఎవులైనా కూకున్నారేటి? కండట్రు టికెట్టు దూరం నుంచి ఇసిరేవోడు. నా కొడుకు పక్కన బల్లో ఎవులూ కూకోరంటే బడి మానేసినాడు. ఇప్పుడా పట్నపోళ్ళే మనింటికొచ్చి మన సాపమీద కూకుని తింతామంటే, ముక్కు మూసుకుని తినాలా? నీకు తలొంపులు అవ్వకూడదని సేసినానే పిల్లా."

రత్నానికి తిట్టాలనుంది. కానీ కాలేజీలో తన వెనక బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది గుర్తొచ్చింది. మొదటిసారి కడుగులో మునిగి లేచిన రోజున, బస్సులో ఒకావిడ వచ్చి తన పక్కన కూర్చుంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయినా దిగకుండా కూర్చున్నదీ గుర్తొచ్చింది.

అప్పుడు హైమావతి మేడమ్ అడిగిన మాట చెప్పింది. తోడు సంగతి చెప్పింది. చెబుతుంటే గురమ్మ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"పిల్ల నీ దగ్గర పడుకోకపోవడం దీనివల్లా? నాను దిష్టి అనుకున్నాను. మూడుసార్లు ఉప్పు తిప్పి పోసినాను గదే!"

పాప చాప మీద నుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

గురమ్మ గబుక్కున తలెత్తి దూలం వైపు చూసింది. "ఓలే, ముడి."

"ఏటి ముడి?"

"నాను ముడి ఇప్పలేదే. నడక రాకుండా ఇప్పితే పిల్లకి మంచిది కాదు కదేటి. ఉయ్యాల దించకుండా బకెట్టు కిందెట్టి, అందినంత మేర ఉతికినాను. పైన ముడి నాకెక్కడ అందుతాది?"

ఎల్లాజీ వచ్చేసరికి అత్తాకోడళ్ళిద్దరూ తలలు పైకెత్తి దూలాన్ని చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఏటి, పాము గాని ఎక్కిందేటి?"

"మావా, ఒళ్ళు తరవాత కడుక్కో, ముందు బల్లెక్కు," అంది రత్నం.

పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె నోట ఆ మాట విన్నాడు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

ముడి విప్పడానికి గురమ్మ ఒప్పుకోలేదు. ఎంత చెప్పినా లాభం లేకపోయింది. చివరికి దారి కూడా ఆవిడే చెప్పింది. "ఇప్పొద్దు. కోసీ. కొయ్యడం ఇప్పడం అవ్వదు. ముడి ముడిలాగే ఉంటాది. ఆ మేడమ్‌ని కూడా ఇప్పొద్దని సెప్పు."

ఎల్లాజీ వల కోసే కత్తితో ముడికి అటూ ఇటూ కోసి, పిడికిలంత గుడ్డ ముద్దను భార్య చేతిలో పెట్టాడు. మసి పట్టి ఉంది. రత్నం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. మసి వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. ఎవరి వాసన వాళ్ళకు ఎప్పుడు తెలుస్తుంది కనుక? పాప ముందు పట్టింది. పాప రెండు చేతులతో లాక్కుని దాంట్లో ముఖం దూర్చి, పాల కోసం వెతుకుతున్నట్టు నోరు తెరిచింది.

ఎల్లాజీ గోడ వైపు తిరిగిపోయాడు.

*

హైమావతి ముడి విప్పలేదు. సన్నని పుల్లకు దూది చుట్టి మడతల్లోకి గుచ్చి తీసింది. "మా అమ్మమ్మకూ ఇలాంటి పట్టింపులే," అని మాత్రం అంది. నాలుగో రోజుకు ఒక చిన్న గాజు గిన్నెలో మీగడలాంటిది తయారైంది. రోజుకు రెండుసార్లు మెడకి, రొమ్ముకి, చంకలకి రాసుకోవాలి. సబ్బు ముట్టకూడదు. చెమట పట్టాలి. గురమ్మ ఇంట్లో ప్రతి గుడ్డా ఉడకబెట్టింది. సీసాను ఎక్కడ పెట్టిందో ఎవరికీ చెప్పలేదు.

రత్నం మధ్యాహ్నాలు చేపలు ఎండబెట్టే దిబ్బ మీద ఎండలో కూర్చుని యాత్ర కాగితం దిద్దుకునేది. తేలే జాకెట్లు వచ్చాయి. మాస్కులు రెండే వచ్చాయి. ఒకావిడకు చేప పడదట, ఆమెకు పప్పు వండాలి. ఒకాయనకు గుండె మందులున్నాయి, ఆయన్ని పడవ నిచ్చెన పక్కనే ఉంచాలి. ఎంత రాసుకున్నా ఏదో మర్చిపోతున్నట్టే ఉండేది. మర్చిపోయింది కాగితంలో లేనిదని ఆమెకు తెలుసు.

చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళకు ఇదొక వేడుకైంది.

"ఓలే రత్నం, కంపు కోసం తపస్సేటే? మేమూరికే ఇస్తాం, అట్టుకుపో!" అంది పక్కింటి సింహాద్రమ్మ. అందరూ నవ్వారు. నవ్వాక ఆమే గొంతు తగ్గించి, "మా కుక్క నన్ను సూసే మొరుగుతాది ఈమజ్జిన. కడుగు వల్లేటంటావా?" అని అడిగింది.

"నన్ను సూసి మొరుగుతాదా?" అంది రత్నం.

"నిన్న మొరిగినాది. ఇయాల తలెత్తి సూసి పడుకుంది. ఏమో మరి, దానికీ బద్దకమే."

ఆ ఒక్క మాట పట్టుకుని రత్నం ప్రయోగశాలకు పరిగెత్తింది. పెట్టె అయిదు చూపించింది. మర్నాడు ఏడు. ఆ మర్నాడు మళ్ళీ ఆరు. శుక్రవారం తొమ్మిది. తొమ్మిదంటే ఏమిటో హైమావతికీ తెలియదు. "పెట్టె ముక్కు మొద్దు," అంది. "ఇంత చిన్న అంకెల దగ్గర అది చెప్పేది ఊహే."

శుక్రవారం మధ్యాహ్నం పాప ఆమె భుజం మీద కళ్ళు మూసింది. ఒకసారి వాసన చూసింది. రత్నం ఊపిరి బిగబట్టింది. పాప ఇంకోసారి చూసింది. అప్పుడు ఏడ్చింది. ఆ రెండోసారి చూడటమే పెద్ద శుభవార్తలా ఆమె ఎల్లాజీకి పదిసార్లు చెప్పింది.

సాయంత్రం దానయ్య చెవికి దూది పెట్టుకుని వచ్చాడు. "రత్నం, సెవిలో సీము. పదిరోజులు నీళ్ళలో దిగొద్దంటన్నాడు డాక్టరు."

మిగతా గైడ్లిద్దరూ అప్పటికే పెళ్ళికని భీమిలి దాటి వెళ్ళిపోయారు. ఏనుగుబండను సందర్శకులకు ఏడాదికి ఆరుసార్లే తెరుస్తారు. నీళ్ళలోకి దిగగలిగిన గైడు ఇప్పుడు రత్నం ఒక్కతే. నీళ్ళలోకి దిగాలంటే కడుగులో మునగాలి.

*

శనివారం ఏడింటికల్లా ఒడ్డు మీద పన్నెండుమందీ వచ్చేశారు. ఒకరి ఈతరెక్కలు ఒకరు కాళ్ళకు తొడుక్కుని, ఫొటోలు తీసుకుంటూ, పిల్లల్లా ఉన్నారు. నీలం తొట్టిలో కడుగు తెల్లగా కదులుతోంది. రత్నం కాగితం చేత్తో పట్టుకుని పేర్లు పిలుస్తోంది కానీ, తొట్టి వైపు చూసినప్పుడల్లా పిలిచిన పేరే మళ్ళీ పిలుస్తోంది.

హైమావతి ఆమెను పక్కకు తీసుకెళ్ళింది.

"ముడిలో ఇంకేమీ మిగల్లేదు రత్నం, గిన్నెలో పెంచినదీ నిలవలేదు. నిన్న మళ్ళీ చూశాను. ఇవాళ నువ్వు ఇందులో మునిగితే ఉన్న తొమ్మిదీ పోతుంది. మళ్ళీ తోడు దొరకదు."

"మునగకపోతే యాత్ర లేదు."

"లేదు."

"ఇంతమంది ఇంత దూరం వచ్చారు. రేపు నన్ను ఈ పనిలో ఉంచుతారా మేడమ్?"

హైమావతి సముద్రం వైపు చూస్తూ అంది, "పెట్టె కంటే వెయ్యి రెట్లు మంచి ముక్కులు అక్కడున్నాయి. తాడు బయట, చిన్నబండ మీద ఒక గూడుంది. ఒకటే. నువ్వు ఇలాగే దిగి చూడు."

రత్నం నమ్మలేనట్టు చూసింది. "కడుగు లేకుండా దిగకూడదన్నది మీరు పెట్టిన రూలే కదా."

"నేను పెట్టిందే. తప్పు చేయిస్తున్నానని తెలుసు. కడుగు గైడ్ల ఒంటి మీద నిలిచిపోతోందని నాలుగు నెలలుగా తెలిసి నివేదిక రాయకుండా కూర్చున్నాను, అంతకంటే పెద్ద తప్పు కాదులే."

"చేప పారిపోతే?"

"నీకు వాసన తిరిగొచ్చినట్టు. నువ్వు తాడు దాటకూడదు. ఇవాళ ఎవరూ దిగరు."

"పారిపోకపోతే?"

"అప్పుడు నువ్వు ఇందులో మునిగినా, మునగకపోయినా ఒకటే," అంది హైమావతి మెల్లగా.

ఎల్లాజీ ఫైబర్ బోటు వాళ్ళిద్దర్నీ చిన్నబండ దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో చూసి వస్తామని వచ్చినవాళ్ళతో చెప్పారు. రత్నం మాస్కు తగిలించుకుంది, గొట్టం నోట్లో పెట్టుకుంది. "జాగర్తే," అన్నాడు ఎల్లాజీ.

నీళ్ళు చల్లగా తాకాయి. గొట్టంలోంచి తన ఊపిరే తనకు పెద్దగా వినిపిస్తోంది. చిన్నబండ అంచున, రెండు బారల లోతులో, వంకాయ రంగు మచ్చ కనిపించింది. అరచేయంత గుడ్ల పొర. దాని ముందు నల్లచారల చేప ఒకటి, ఎక్కడికీ పోకుండా, రెక్కతో గుడ్లకు నీళ్ళు విసురుతోంది. విసిరి, ఒక చచ్చిన గుడ్డును నోటితో ఏరి పారేసి, మళ్ళీ విసురుతోంది. వేసవి మధ్యాహ్నం పిల్ల పక్కన కూర్చున్న మనిషిలా ఉంది.

రత్నం నీటివాలు చూసుకుని పైవాలుకి చేరింది. తన మీదుగా వెళ్ళే నీళ్ళు దాని మీదికి పోతాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పది. చేప విసురుతూనే ఉంది.

పో, పారిపో, అనుకుంది. వెంటనే, వద్దు, ఉండు, నీ పిల్లలుండగా ఎక్కడికి పోతావు, అనుకుంది. రెండు కోరికలూ ఒక్క గుండెలోనే కొట్టుకుంటున్నాయి.

ఇరవై. ముప్పై. మూడు, తొమ్మిది, అన్నీ అబద్ధాలు. పాప రెండోసారి వాసన చూడటం కూడా తను ఊహించుకున్నదే. మెడ మీద చెయ్యి వేసి రుద్దుకుంది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ముప్పై ఎనిమిది.

చేప రెక్క ఆగిపోయింది.

కదలకుండా ఒక్క క్షణం నిలబడింది. దాని చారలు ఇంకా నల్లబడ్డాయి. మరుక్షణం అక్కడ చేప లేదు.

రత్నం నోట్లో గొట్టం ఉండగానే అరిచింది. ఆ అరుపు గొట్టంలోంచి పైకి పోయింది. అరుపు ఆగకముందే బండ పగుళ్ళలోంచి చిన్న పచ్చచేపలు పది, ఇరవై ఒక్కసారిగా వచ్చి గుడ్ల మీద పడ్డాయి. అవి కొరుకుతుంటే వంకాయ మచ్చలో తెల్లటి చుక్కలు పడుతున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి కిందికి మునిగి చేతులతో తోలింది. అవి చెయ్యి పక్కనుంచి వచ్చాయి. గుడ్లకు అరచెయ్యి అడ్డం పెట్టింది. దూరంగా, మసకలో, తండ్రి చేప గుండ్రంగా తిరుగుతోంది. రాలేక, పోలేక. ఎంతసేపు చెయ్యి అడ్డం పెడితే అంతసేపూ అది రాదు. అది భయపడేది ఈ చేతికే.

చెయ్యి తీసేసి పైకి వచ్చింది.

ఎల్లాజీ ఆమెను పడవలోకి లాగాడు. మాస్కు తీసేసరికి ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి అర్థం కాలేదు. బడిలో, బస్సులో, కాలేజీలో ఎవరూ తన గురించి ఏ మాట అనకూడదని ఇరవై తొమ్మిదేళ్ళుగా ముడుచుకుని బతికిందో, ఆ మాటే పెద్దగా అంది.

"నా దగ్గర వాసనొస్తంది మేడమ్! వాసనొస్తంది!"

హైమావతి పుస్తకంలో టైము రాసుకుంది. "బోటు వెనక్కి తీసుకెళ్ళు బాబూ," అంది ఎల్లాజీతో. "నన్ను మాత్రం ఇక్కడే, ఆ లంగరేసి ఉన్న దానయ్య తెప్ప మీద దింపు. గూడు చూసి వస్తాను."

*

యాత్ర లేదనేసరికి ఒడ్డు మీద గొడవే అయింది. ఒకాయన ఎవరికో ఫోను చేస్తానన్నాడు. ఒకామె, మా మనవరాలికి చేపల ఫొటోలు తెస్తానని మాటిచ్చానమ్మా, అని నొచ్చుకుంది. అందరిమాటా రత్నం తలొంచుకుని వింది. కాగితంలో రాసుకున్నవాటిలో మిగిలింది భోజనం ఒక్కటే. మధ్యాహ్నం పన్నెండింటికి అందరూ ఆమె వెంట ఇంటికి నడిచారు.

గురమ్మ చాపలు పరిచి, విస్తళ్ళు వేసి, వంజరం పులుసు వడ్డించింది. చేప పడని ఆవిడకు పప్పు, అప్పడం. రత్నం ఇంకా తడి ఆరని జుట్టుతో, పొద్దుటి నుంచి కట్టుకున్న చీరతోనే, అన్నం పళ్ళెం పట్టుకుని వంగి వడ్డిస్తోంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఆవిడ చటుక్కున చేతిరుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మర్యాదగానే, దగ్గు వచ్చినట్టు.

రత్నం చూసింది. గురమ్మ కూడా చూసింది.

గురమ్మ చెయ్యి అలవాటుగా ఉప్పుజాడీ వెనక్కి పోయింది. అక్కడే అర నిమిషం ఉండిపోయింది. తర్వాత ఉత్త చెయ్యే బయటికి వచ్చింది. ఆ చేత్తోనే పులుసు గరిటె తీసుకుని వెళ్ళి ఆ ఆకుపచ్చ టోపీ ముందు కూర్చుంది.

"సేపలోళ్ళ ఇల్లమ్మా. వాసనొస్తాది," అంది. "ముక్క ఏసుకో. సల్లారితే బాగుండదు."

ఆవిడ రుమాలు ఒళ్ళో పెట్టుకుంది. ఏమనుకుందో కానీ ముక్క వేయించుకుంది.

పాపకు నిద్రవేళ అయింది. కొత్తగా కట్టిన ఉయ్యాలలో ఒక్కసారి మూలిగి చేతులు చాపింది. ఎల్లాజీ లేవబోతే గురమ్మ కళ్ళతోనే వద్దంది. రత్నం పళ్ళెం కింద పెట్టి పాపను భుజాన వేసుకుని, వడ్డన గొడవకు దూరంగా గుమ్మం పక్కకు వెళ్ళి నిలబడింది. పాప రెప్పలు వాలాయి. ముక్కు మెడకు ఆనించింది. ఒకసారి వాసన చూసింది. రెండోసారి చూసింది. మూడోసారి చూసింది. పాప నోరు తెరుచుకుని, ఆమె జాకెట్టు అంచును చప్పరించి, వెతికి, వెతికి, అలాగే ఒళ్ళంతా వదిలేసింది. ఆ బరువు మొత్తం ఒక్కసారిగా రత్నం భుజం మీద పడింది. తొమ్మిది నెలల పిల్ల ఇంత బరువుంటుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

హైమావతి గుమ్మంలోకి వచ్చింది. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. రత్నం కళ్ళతోనే అడిగింది.

"గూటికి తిరిగొచ్చింది," అంది హైమావతి గుసగుసగా. "నువ్వు వెళ్ళిన పావుగంటకి."

రత్నం ఇంకా చూస్తూనే ఉంది.

హైమావతి తన అరచెయ్యి చాపి, రెండో చేత్తో దాంట్లో సగానికి పైగా మూసి చూపించింది. "ఇంత పోయింది. మిగిలినవాటికి విసురుతోంది. సాయంత్రం నివేదిక రాస్తాను. కడుగు గురించి, ఇవాళ్టి గూడు గురించి కూడా. బండను మూసేస్తారేమో."

గాలి ఆడటం లేదు. పాప మెడ మీద చెమట పట్టింది. ఖాళీగా ఉన్న అరచేతిని రత్నం పాప వీపు వెనక మెల్లగా, ఆగకుండా, ఆ చేప రెక్క ఆడించినట్టే, విసురుతూ నిలబడింది.